కలమోనా జట్టు చొక్కా రంగు

కలమోనా ఊరి జనంలో రెండు వర్గాలూ సమానంగా అనుమానించే మనిషి ఒక్కతే ఉంది. ఆమె పెలాగియా. అందుకే ఆ ఏడు కొత్త సంవత్సరానికి లోపల నాణెం దాచి కాల్చే వసిలోపిత రొట్టె పని ఆమె నెత్తిన పడింది.

ఊరంటే ఇప్పుడు ఊరు లేదు. అసలు కలమోనా ముళ్ళకంచెకు అవతల, సైనికుల కాపలాలో ఉండిపోయింది. రెండున్నరేళ్ళ కిందట యుద్ధంలో ట్రాక్టర్ల మీదా కాలినడకనా వచ్చిపడ్డవాళ్ళంతా లార్నకా పొలిమేరలో ప్రభుత్వం కట్టిన వరస ఇళ్ళలో సర్దుకున్నారు. ఊళ్ళో ఉన్నప్పుడు వాళ్ళకి రెండు కాఫీ దుకాణాలుండేవి, రెండు ఫుట్‌బాల్ జట్లుండేవి. నీలం చొక్కాల దాఫ్ని జట్టువాళ్ళు చర్చి పక్క దుకాణంలో కాఫీ తాగేవాళ్ళు. ఎర్రచొక్కాల ఎల్పిదా జట్టువాళ్ళు సహకార సంఘం ఎదుటి దుకాణంలో తాగేవాళ్ళు. నలభై ఎనిమిదిలో దేశంలోని మైదానాలన్నీ కుడి ఎడమలుగా చీలిపోయినప్పుడు, అంతదాకా ఒకటిగా ఆడిన కుర్రాళ్ళు రెండైపోయారు. అప్పట్నించీ ఒకరి దుకాణంలో ఒకరు మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

పెలాగియా తండ్రి క్లియాంథిస్ ఎల్పిదాకి పాతికేళ్ళ కార్యదర్శి. మామగారు ఖరిదిమోస్ దాఫ్నికి అధ్యక్షుడు. ఆమె మొగుడు యకూమిస్ దాఫ్ని గోల్‌కీపర్. పెళ్ళినాడు క్లియాంథిస్ చర్చికి వచ్చాడు, వధూవరుల తలల మీద కిరీటాలు మార్చేదాకా నిలబడ్డాడు, విందు ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వియ్యంకుడి గడప తొక్కలేదు. ఊరు పోయినప్పుడూ తొక్కలేదు. మనవరాలు మిలియా పుట్టాక మాత్రం రోజూ మధ్యాహ్నం వస్తున్నాడు. తలుపు పక్క కుర్చీలో, టోపీ తియ్యకుండా, పిల్లను ఒళ్ళో పెట్టుకుని అరగంట కూర్చుంటాడు. ఖరిదిమోస్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటిస్తాడు. ఆ ఇంట్లో ఇద్దరికీ మధ్య మాటల్లేవు, కానీ ఒకే గదిలో ఉంటున్నారు. ఆ అరగంట ఎక్కడ తెగిపోతుందోనని పెలాగియా రోజూ ప్రాణాలు ఉగ్గబట్టుకుని కాఫీ కాచేది.

ఇప్పుడు దాఫ్నికి మిగిలింది ఏడుగురు ఆటగాళ్ళు, ఎల్పిదాకి ఆరుగురు. విడిగా ఎవరికీ జట్టు లేదు. ఫిబ్రవరిలో శరణార్థుల ఊళ్ళ మధ్య పోటీ పెడుతున్నారు. కలిసి ఆడాలన్న మాట ఒక్కరోజులో తేలిపోయింది. పేరు కూడా తేలింది, ఊరి పేరే. చొక్కా రంగు దగ్గర మూడు మీటింగులు కూలిపోయాయి.

"నీలం. ఆకాశం రంగు, సముద్రం రంగు," అన్నాడు ఖరిదిమోస్.

"మన ఊరికి సముద్రం ఎక్కడ ఏడిచింది? పది మైళ్ళు. ఎరుపు మన పొలాల రంగు," అన్నాడు క్లియాంథిస్.

"పొలాల రంగా, మాస్కో రంగా?"

"మరి నీది ఆకాశం రంగా, ఏథెన్స్ రంగా?"

"చారలు వేద్దాం నాన్నా, సగం సగం," అన్నాడు యకూమిస్.

"గుండె వైపు ఏ చార?" అని రెండు వైపుల నుంచీ ఒక్కసారే అడిగారు. యకూమిస్ కూర్చున్నాడు.

విసిగిపోయిన ఫాదర్ లూకాస్ నవ్వులాటకి అన్నాడు, వసిలోపిత కోసినప్పుడు నాణెం ఎవరికి వస్తే వాళ్ళ రంగు పెట్టుకోండని. ఆయన నవ్వాడు గానీ వాళ్ళు నవ్వలేదు. నాణెం దేవుడి చేతిలో ఉంటుంది, దానికి పార్టీ లేదు. మీటింగు పుస్తకంలో రాసుకున్నారు: నాణెం ఎవరి చేతికి వస్తే, చొక్కా రంగు వాళ్ళ మాట. ఖరిదిమోస్, క్లియాంథిస్ ఇద్దరూ సంతకాలు పెట్టారు.

"మొదటి ముక్క క్రీస్తుది కదా. అందులో వస్తేనో?" అని ఎవరో అడిగారు.

"క్రీస్తు ఉండేది చర్చిలో. అంటే మావాడే," అన్నాడు ఖరిదిమోస్.

"వడ్రంగం చేసుకుని బతికినవాడు మీవాడెలా అవుతాడయ్యా? ఈపాటికి కార్మిక సంఘంలో కార్డు తీసుకుని ఉండేవాడు," అన్నాడు క్లియాంథిస్.

ఫాదర్ బల్ల గుద్దాడు. "ఆయనకి ఫుట్‌బాల్ లేదు! ఆయన ముక్కలో వస్తే ఇంకో రొట్టె కాలుద్దాం."

రొట్టె ఎవరు కాల్చాలన్నది ఇంకో గంట నడిచింది. పెలాగియా అత్తగారు థియోపిస్తి ముందుకొస్తే ఎర్రవాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి అందరి కళ్ళూ పెలాగియా మీద ఆగాయి. నీలంవాళ్ళకి ఆమె క్లియాంథిస్ కూతురు. ఎర్రవాళ్ళకి ఖరిదిమోస్ కోడలు. ఇద్దరూ నమ్మరు కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. ఫాదర్ అందరికీ చూపించి వంద మిల్స్ నాణేన్ని వెండికాగితంలో చుట్టి ఆమె అరచేతిలో పెట్టాడు. అది గోరంత బరువు లేదు. ఇంటికి నడుస్తుంటే చెయ్యి లాగేసినట్టనిపించింది.

శనివారం మధ్యాహ్నం తండ్రి మామూలు వేళకంటే ముందే వచ్చాడు. ఖరిదిమోస్ ఇంట్లో లేడు. మిలియాకి పళ్ళు వస్తున్నాయి, ఒళ్ళు వెచ్చగా ఉంది, చెయ్యి నోట్లోంచి తియ్యడం లేదు. క్లియాంథిస్ పిల్లను ఎత్తుకుని పిండి కలిపే తొట్టి వైపు చూశాడు.

"నాణెం ఎప్పుడు పెడతావమ్మా? పిండి పొంగాకా, పొంగకముందా?"

"ఎందుకు నాన్నా?"

"ఊరికే. మీ అమ్మ పొంగాక పెట్టేది. పెట్టిన చోట నువ్వులు కాస్త ఒత్తుగా పడేవి."

"నాన్నా."

"నేనేమన్నాను? ఏమీ అనలేదుగా. నువ్వు నా కూతురివి, అంతే అన్నాను."

ఆయన అటు వెళ్ళగానే అత్తగారు వచ్చింది, నారింజ తొక్క తురిమిపెడతానని. తురిమింది గానీ చూపు తొట్టి మీంచి తియ్యలేదు.

"మీ నాన్న ఇవాళ తొందరగా వచ్చినట్టున్నాడే?"

"పిల్లకి ఒంట్లో బాలేదని అత్తయ్యా."

"పిల్లకి బాలేదని ఆయనకెలా తెలిసింది? పొద్దున్న నాకే తెలీదు." తురుము పిండిలో వేసి చేతులు దులుపుకుంది. "నేనేం అనుమానించట్లేదమ్మా. ఈ ఇంట్లో ఉండేదానివి నువ్వు. రేపు జట్టు ఎర్రచొక్కాలేసుకుని బయల్దేరితే మీ మావయ్య నిన్నేమీ అనడు. ఆయన నోరు నీకు తెలుసుగా, ఏమీ అనకుండానే ఆర్నెల్లుంటాడు."

యకూమిస్ కూడా వచ్చాడు, సాకుగా కట్టెలు పట్టుకుని. "పెలాగియా, నేనైతే అడగను," అన్నాడు. కట్టెలు దించి నిలబడ్డాడు. "అడగను గానీ, అంచుకా, మధ్యకా?"

"పో అవతలికి!"

పెలాగియాకి అందరూ ఒకేలా కనిపించసాగారు. తండ్రి ముద్దు పెట్టినా, అత్త తురుమిచ్చినా, మొగుడు కట్టెలు తెచ్చినా, అందరూ చెయ్యి చాపుతున్నది ఆ తొట్టిలోకే. మిలియా నుదురు చూడ్డానికి ఎవరొంగినా వాళ్ళ కళ్ళు ఎటు పోతున్నాయో చూసేది. పిల్ల వేడి తగ్గిందా లేదా అని తనూ పది నిమిషాలకోసారి తడుముతూనే ఉంది, నాణెం ఉన్న జేబునీ తడుముతూనే ఉంది.

ఎరుపు వస్తే ఈ ఇంట్లో మాట్లాడేవాళ్ళుండరు. నీలం వస్తే తలుపు పక్క కుర్చీ ఖాళీ అవుతుంది. తండ్రి పంతం ఆమెకి తెలుసు. పెళ్ళి విందులో ముట్టని ముద్ద ఈనాటికీ ముట్టలేదు. మిలియా తాతయ్యని గుర్తుపట్టి చేతులు చాపడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది.

ఆదివారం తెల్లవారాక, ఆడవాళ్ళంతా కలిసి పెరట్లో కట్టుకున్న మట్టిపొయ్యిలోకి పళ్ళెం తోసేముందు, పెలాగియా ఒక్క క్షణం ఆగింది. చుట్టూ చూసింది. నాణేన్ని పిండిలో పెట్టలేదు. మిలియా ఊలు మేజోడులో దోపింది. నువ్వులు అంతటా ఒకేలా చల్లి పళ్ళెం లోపలికి తోసేసింది. ఎవరికీ రాదు. పిల్లకి జ్వరమండీ, మరిచిపోయానండీ అంటుంది. తెలివితక్కువదంటారు, అననీ. తెలివితక్కువదాని మీద ఎన్నాళ్ళు కోపం పెట్టుకుంటారు?

సాయంత్రం నాలుగింటికి మీటింగుల హాలు నిండిపోయింది. ఎడమవైపు ఎర్రవాళ్ళు, కుడివైపు నీలంవాళ్ళు, మధ్యలో బల్ల. ఫాదర్ శిలువ గుర్తు వేసి కొయ్యడం మొదలెట్టాడు. క్రీస్తుకొకటి, కన్య మరియకొకటి, కొత్త జట్టుకొకటి, పేదవాడికొకటి. తర్వాత అటువైపుకొకటి, ఇటువైపుకొకటి. ఎవరూ తినలేదు. ప్రతివాడూ తన ముక్కను వేళ్ళతో నలుపుతూ పక్కవాడి వేళ్ళ వంక చూస్తున్నాడు. బల్ల మీద నువ్వులు, రొట్టెపొడి కుప్పలు పడ్డాయి. పెలాగియా పిల్లను చంకనేసుకుని గోడకి ఆనుకుని నిలబడింది, చెప్పాల్సిన అబద్ధం నోట్లో నలుపుకుంటూ.

"దొరికింది!"

అది క్లియాంథిస్ గొంతు. నాణెం ఎత్తి చూపించాడు. ఎడమవైపంతా లేచి నిలబడింది. ఒకడు కుర్చీ ఎక్కాడు.

ఎక్కడ దొరికింది? ఎలా దొరికింది? పెలాగియా గబుక్కున పిల్ల మేజోడు నొక్కింది. నాణెం అక్కడే ఉంది, పిల్ల మడమంత వెచ్చగా. తండ్రి వంక చూసింది. ఆయన ఆమె వంక చూడలేదు. అప్పుడు తెలిసింది ఆమెకి. పెళ్ళివిందు ముట్టని మనిషి, అబద్ధమన్నది ఎరగడనుకున్న మనిషి, పిల్లల గారడీవాడిలా అరచేతిలో నాణెం దాచుకొచ్చాడు.

ఆ ఆలోచన పూర్తి కాకముందే ఇటువైపు నుంచి ఖరిదిమోస్ దగ్గి, నోట్లోంచి ఏదో తీశాడు. "ఆగండాగండి. మరి ఇదేమిటి?" వెండికాగితంతో సహా తళతళలాడుతున్న వంద మిల్స్.

హాలు హోరెత్తిపోయింది. "దొంగలు!" "మీరు దొంగలు!" "నాది ముందు దొరికింది!" "నీదానికి కాగితమేది?" "నువ్వు మింగి కక్కిన కాగితమా అది?"

థియోపిస్తి బల్ల దగ్గరికి దూసుకొచ్చింది. చెయ్యి క్లియాంథిస్ ముక్కు దాకా పోయింది. "అబద్ధాలకోరు! ఈ రొట్టెలో నాణెమే లేదు! చల్లారబెట్టినప్పుడు అల్లిక సూదితో అడుగంతా నేనే గుచ్చి చూశాను, అంగుళం వదల్లేదు, ఎక్కడా..."

ఆగింది. మెల్లగా తలతిప్పి మొగుడి చేతిలోని నాణెం వంక చూసింది.

ఖరిదిమోస్ వెండికాగితాన్ని నెమ్మదిగా మడతపెట్టసాగాడు. అది సిగరెట్ పెట్టెలోదని ఇప్పుడు దూరంనుంచే తెలుస్తోంది. క్లియాంథిస్ టోపీ సర్దుకున్నాడు.

"అయితే నేనిచ్చింది ఏమైంది?" అన్నాడు ఫాదర్ లూకాస్.

అందరూ గోడ వైపు తిరిగారు. పెలాగియా సిద్ధం చేసుకున్న అబద్ధం నోటిదాకా వచ్చింది. ఇంతమంది అబద్ధాల తర్వాత దాని ముఖం చూడాలనిపించలేదు. పిల్ల మేజోడు లాగి నాణెం తీసి బల్ల మీద పెట్టింది.

"పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. ఎవరికొచ్చినా నా కొంప మునుగుతుందని."

"చూశారా, నాకు ముందే తెలుసు," అన్నాడు ఎడమవైపు ఒకడు. "నాకూ తెలుసు," అన్నాడు కుడివైపు ఒకడు. ఆరోజు రెండు వర్గాలూ ఒప్పుకున్న మొదటి మాట అదే.

ముందు నవ్వింది యకూమిస్. కుర్చీలోంచి జారిపోయేట్టు నవ్వి, పుస్తకం అందుకున్నాడు. "ఏం రాసుకున్నాం? నాణెం ఎవరి చేతికి వస్తే, రంగు వాళ్ళ మాట. సంతకాలున్నాయి. అసలు నాణెం ఎవరి చేతిలో ఉండిందయ్యా?"

"ఆడదాని మాటా?" అన్నారెవరో.

"రొట్టెని గుచ్చినప్పుడు ఆడదే, కాల్చినప్పుడు ఆడదే. ఇప్పుడేమొచ్చింది?" అన్నాడు ఫాదర్. ఆయనా నవ్వు ఆపుకుంటున్నాడు. "చెప్పమ్మా."

తండ్రి చూస్తున్నాడు. మామ చూస్తున్నాడు. పెలాగియాకి పోటీ జరిగే మట్టి మైదానం గుర్తొచ్చింది. పదమూడు చొక్కాలు. కుళాయికి రోజు విడిచి రోజు నీళ్ళు. గోల్‌కీపర్ పెళ్ళాం కాబట్టి ఉతికేది ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కాఫీ రంగు," అంది. "మట్టి కనబడదు."

సోమవారం చొక్కా రంగు రాసిన ఉత్తరం పోటీ పెట్టేవాళ్ళకి వెళ్ళిపోయింది. మిలియాకి రాత్రే పన్ను బయటపడి వేడి తగ్గింది. మధ్యాహ్నం అయింది. పెలాగియా కాఫీ పెట్టి తలుపు వైపు చూస్తూ కూర్చుంది. తండ్రి వచ్చే వేళ దాటిపోయింది. ఖరిదిమోస్ కిటికీ పక్కన పేపరు తిరగేసి పట్టుకున్నాడు, ఆయనా తలుపే చూస్తున్నాడు.

పావుగంట ఆలస్యంగా క్లియాంథిస్ వచ్చాడు. తలుపు పక్క కుర్చీలో కూర్చోలేదు. వంటగట్టు దాకా నడిచి వచ్చి గొంతు తగ్గించి, "నిజం చెప్పు తల్లీ, ఆ రంగు చెప్పమన్నది మీ మావేనా?" అన్నాడు.

"ఎవరూ చెప్పమనలేదు నాన్నా."

"కాఫీ రంగు ఎవరిదో కనుక్కుంటాన్లే. ఏదో పార్టీది అయ్యే ఉంటుంది."

"ఏమిటి గుసగుసలు?" అన్నాడు ఖరిదిమోస్ కిటికీ దగ్గర్నుంచి. మీటింగుల్లో కీచులాట తప్పిస్తే, పెళ్ళైన మూడున్నరేళ్ళలో ఆయన క్లియాంథిస్‌తో అన్న మొదటి మాట అది. "నా ఇంట్లో గుసగుసలు కుదరవు వియ్యంకుడా. ఇటు వచ్చి నా ఎదురుగా కూర్చో, నాకు కనబడేట్టు."

"కూర్చుంటాను. నువ్వు ఆ పిల్లని ఒంటరిగా పట్టుకుని ఏం నూరిపోస్తావో చూడొద్దూ?" అని క్లియాంథిస్ కుర్చీ లాక్కున్నాడు.

పెలాగియా రెండు గిన్నెల కాఫీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. ఇద్దరూ ఒకసారి గిన్నెల్లోని కాఫీ రంగు చూసి, తర్వాత అనుమానంగా ఆమె ముఖం చూశారు.