ఫోనెత్తిన పెద్దాయన

చిన్న షాపులకు ఏ కంప్యూటరు కావాలో, ఏ ఫోను సరిపోతుందో చెప్పి, వాటిని దగ్గరుండి అమర్చిపెట్టడం ఆమె పని. పెద్ద కంపెనీలో ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టింది. షాపుల వాళ్లు ఆమెను కంప్యూటరమ్మాయి అనేవారు.

కుట్టుమిషన్లు బాగుచేసే అక్కాచెల్లెళ్లు ఆమెకు కొత్తగా దొరికిన బేరం. అక్క చేతులకు ఎప్పుడూ నూనే. చెల్లెలు కౌంటరు దగ్గర వచ్చినవాళ్లతో తలమునకలుగా ఉండేది. మధ్యలో ఫోను మోగిందంటే ఇద్దరికీ ప్రాణం విసిగిపోయేది. అందుకని కంప్యూటరమ్మాయి వాళ్ల షాపుకు ఇంటర్నెట్లో ఒక పేజీ తయారుచేసి, అందులో కొత్త నంబరు పెట్టింది. ఆ నంబరుకు ఫోన్ చేసినవాళ్లకు షాపు వేళలు, చిరునామా వినిపించేలా తన గొంతుతోనే రికార్డు చేసింది.

కొన్నాళ్లకు, అంతా ఎలా ఉందో చూద్దామని వెళ్లింది.

"రా తల్లీ రా! నువ్వు పెట్టిన ఫోను బంగారం," అంది చెల్లెలు. "వచ్చిన ప్రతివాళ్లూ మెచ్చుకుంటున్నారు. ఎంత ఓపికో ఆయనకి!"

"ఎవరికి పిన్నీ?"

"అదే, ఫోన్లో మాట్లాడే పెద్దాయన. సూది తిరగేసి పెట్టావేమో చూడమ్మా, దారం మళ్లీ ఎక్కించమ్మా అంటాడట. అప్పటికీ కుదరకపోతే షాపుకి తీసుకెళ్లమంటాడట. మనిషి లేకుండానే అచ్చం మనిషిలా మాట్లాడిస్తున్నారే!"

కంప్యూటరమ్మాయి ఏ పెద్దాయననూ పెట్టలేదు. మొహాన నవ్వు అతికించుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. పేజీలో నంబరు చూసింది. చివరి రెండు అంకెలూ తారుమారయ్యాయి. టైపు చేసింది తనే.

"ఇప్పుడే వస్తా పిన్నీ," అని బయటికి వచ్చి, గోడ పక్కన నిలబడి ఆ నంబరుకే ఫోన్ చేసింది.

"చెప్పమ్మా, ఏమంటోంది నీ మిషను?" అంది అవతల ఒక ముసలి గొంతు.

"నా దగ్గర మిషను లేదండీ. మీ నంబరు పొరపాటున పేజీలో పెట్టేసింది నేనే. మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టాను."

"ఫోన్లో ఎందుకు, ఇంటికి రా," అని దారి చెప్పాడాయన. ఇల్లు రెండు వీధుల అవతలే.

దారి పొడవునా ఆమెకు ఇవే ఆలోచనలు. ఆయన కేకలేస్తాడు. అక్కాచెల్లెళ్లు ముఖం మీదే తలుపేస్తారు. ఒక షాపు వాళ్లకు తెలిస్తే వీధంతా తెలుస్తుంది. ఇక తనను ఎవరు పిలుస్తారు?

తలుపు తీసిన మనిషి మాత్రం చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. కిటికీ పక్కన ఒక పాత కుట్టుమిషను, పైన గుడ్డ తీసేసి ఉంది.

"నేను రిటైరైన బస్సు డ్రైవర్ని. మిషన్ల గురించి నాకేం తెలుసు?" అన్నాడు. "మొదట్లో రాంగ్ నంబరనే చెప్పేవాణ్ణి. ఒకమ్మాయి మాత్రం, తెల్లారితే బట్టలివ్వాలి, మిషను కదలట్లేదని ఏడ్చేసింది. ఫోను పెట్టెయ్యడానికి మనసొప్పలేదు. ఇది మా ఆవిడ మిషను. ఆవిడ పోయాక ముట్టుకోలేదు. ఆ రోజు గుడ్డ తీసి, చూస్తూ చెప్పాను. ఆ అమ్మాయి మిషను తిరిగింది! అంతే, ఇక ఎవరు చేసినా చెప్తూనే ఉన్నా." ఆగి, నెమ్మదిగా అడిగాడు. "అయితే ఇక ఫోన్లు రావా?"

"ముందు షాపులో నిజం చెప్పాలండీ," అంది.

"పద, నేనూ వస్తా. తిట్టేదుంటే ఇద్దర్నీ కలిపే తిడతారు."

షాపులో ఆమె తడబడుతూ అంతా చెప్పింది. అక్క మిషను కింద నుంచి లేచి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చివరిదాకా విన్నది. కోపమేమో అనుకునేలోపు పకపకా నవ్వింది.

"అదీ సంగతి! ఫోన్లో మిషను అంత మర్యాదగా ఎలా మాట్లాడుతోందా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నా. అమ్మాయ్, ఆ నంబరు సరిచెయ్. కానీ ఈయన్ని మాత్రం తీసెయ్యకు."

చెల్లెలు కూడా తలూపింది. "పొద్దుటి పూట మాకు తీరికుండదు, మిషను గురించి ఏదైనా సందేహముంటే ఈయనకి వెళ్లేలా పెట్టలేవూ?"

"ఫోన్లో రెండు నొక్కితే బాబాయ్‌గారికి వెళ్తుంది," అంది కంప్యూటరమ్మాయి. పెద్దాయన మొహం విప్పారింది.

"సరే కానీ బాబాయ్‌గారూ," అంది అక్క, "బెల్టు సంగతి మీరు తప్పు చెప్తున్నారు. నిన్నొకావిడ అంత బిగించి తెచ్చింది, చక్రం తిరగదే! ఇలా రండి."

ఆయన కళ్లజోడు సర్దుకుని మిషను మీదికి వంగాడు. కాదంటాడాయన, చూడండంటుందావిడ. కంప్యూటరమ్మాయిని ఎవరూ పట్టించుకోలేదు. ఆమె స్టూలు మీద కూలబడి, చెల్లెలిచ్చిన మంచినీళ్లు గటగటా తాగేసి, ఇంకో గ్లాసు అడిగింది.