నడిమి కుర్చీ

“తుడిచేది తుడువు గానీ, ముల్లు మాత్రం కదిలించబాక.”

ఆదివారం పొద్దున్నే మొగుడు వినోద్ అన్న మాట అది. గుడ్డ చేతపట్టుకుని హాల్లో నిలబడ్డ సుధారాణికి కోపం రావలసింది, నవ్వొచ్చింది. ఆ ముల్లూ, ముల్లు నడిచే గాజుపలకా, దాని వెనక వెలిగే పసుపుపచ్చ దీపమూ అన్నీ ఆమె పుట్టింటివే. నాయన మాలకొండయ్య కువైట్‌లో డ్రైవరు పని మానుకుని ఉదయగిరికి తిరిగొచ్చేటప్పుడు ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చిన, రేడియో పాటలు పట్టే ఎఫ్ఎం ట్యూనరు అది. నాయన పోయాక తమ్ముడు పెంచల్ “ఈ డబ్బా నాకెందుకు, నువ్వే ఎత్తుకుపోక్కా” అంటే ఆత్మకూరు తెచ్చుకుంది. “పాత ఇనప సామాన్లోడికి ఏసేదాన్ని నట్టింట్లోకి తెచ్చినావే” అని ఆ రోజు దాన్ని అటకెక్కించింది ఈ వినోదే. ఈమధ్య ఫోన్లో ఏవో వీడియోలు చూసి, పాత ట్యూనర్ల కోసం జనం ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నారని తెలుసుకుని, తానే నిచ్చెనేసి దించాడు. అప్పట్నుంచీ అది “నా ట్యూనరు” అయిపోయింది. కనీసం “మా మామ ట్యూనరు” అయినా కాలేదు.

నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు, ట్యూనరు దిగాక దానికో ఆంప్లిఫయరు వచ్చింది, నడుమెత్తు స్పీకర్లు రెండొచ్చాయి. సోఫా వరండాలోకి పోయింది. రెండు స్పీకర్లకూ సరిగ్గా ఎదురుగా, నడిమధ్యన ఒకే ఒక్క కుర్చీ మిగిలింది. “ఆడ కూచుంటేనే అసలు సంగతి తెలుస్తాది. పాడే మనిషి వచ్చి ఎదురుగా నిలబడినట్టుంటాది” అంటాడు వినోద్. ఆ మాట చెవిన పడిన నాటినుంచీ సుధారాణికి ఒకటే ఆరాటం. ఎడమవైపు ఒక పెట్టె, కుడివైపు ఒక పెట్టె, మధ్యలో ఉన్నది ఉత్త గోడ. ఏమీ లేని చోటునుంచి గొంతు ఎలా వస్తుంది? పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, తెలియని సంగతి ఒకటి కళ్ళెదుట ఉంటే ఊరుకోలేదు. కానీ ఆమెకు ఆ పాటలన్నీ వంటింట్లోకి గోడ దాటుకుని వచ్చేవి. మిక్సీ మోతలో సగం పోయి, కుక్కరు విజిల్లో పావు పోయి, దరువు మాత్రం మిగిలేది. ఒకసారి తుడుస్తూ తుడుస్తూ ఆ కుర్చీ అంచున కూచుంది. గడపలోంచి అత్తగారు మహాలక్ష్మమ్మ, “ఏమ్మా, పనంతా అయిపోయినట్టుండాదే?” అన్నది. తిట్టు కాదు, దెప్పు కూడా కాదు, ఉత్త ప్రశ్న. దానికే చీర సర్దుకుని లేచిపోయింది. ఎందుకు లేచానా అని ఆ రోజంతా తనమీద తనకే చిరాకు.

ఆ ఆదివారం సాయంత్రం వినోద్ స్నేహితులు వచ్చారు. బస్టాండు దగ్గర మొబైల్ షాపు నడిపే నిసార్, అతని వెంట మరో ఇద్దరు. ట్యూనర్ని చూపించాలని వినోద్ తెగ హడావిడి పడ్డాడు. అయితే నెల్లూరు రేడియో స్టేషను ఆత్మకూరు చేరేసరికి బాగా అలిసిపోతుంది. పాట కంటే బుసే ఎక్కువగా ఉంది.

“ఫోన్లో లక్ష పాటలుండంగా ఈ బుస దేనికిరా?” అని నిసార్ నవ్వాడు.

“ఫోన్లో అయితే నువ్వు పిలిచిందే వస్తాది. దీన్లో ఏమొస్తాదో మనకు తెలీదు. మన కోసరం ఎవురో ఏరిపెట్టిందాన్ని కూచుని వినాల. అదే మజా” అన్నాడు వినోద్.

వంటింట్లో టీ వడపోస్తున్న సుధారాణి చేతిలోని గిన్నె ఆగింది. ఈ మనిషి నోట ఇంత మంచి మాట ఎలా వచ్చిందా అనుకుంది. పొద్దున లేస్తే ఏం టిఫిను, మధ్యాహ్నానికి ఏం కూర, అత్తగారికి ఉప్పెంత, పిల్లవాడి బాక్సులోకి ఏంటి, అన్నీ తనే ఎంచాలి. బడికి పోతే అక్కడా అంతే. ఎవరన్నా పెద్దలొస్తే హెడ్మాస్టరు “మీరు లేడీస్ కదా మేడమ్, టిఫిన్ల సంగతి చూడండి” అంటాడు, పక్కన ఇద్దరు మగ సార్లు కాళ్ళు చాపుకుని కూచునుండగా. తన కోసం ఎవరైనా ఏరిపెట్టినది, తను కూచుని పుచ్చుకున్నది ఏదైనా ఉందా అని వెతుక్కుంది. ఏదీ తట్టలేదు. జనం పాత ట్యూనర్ల వెంట ఎందుకు పడుతున్నారో అర్థమైనట్టే అనిపించింది. టీ చల్లారిపోతోందని గుర్తొచ్చి ట్రే ఎత్తుకుంది.

ట్రే బల్లమీద పెట్టబోతుంటే ట్యూనరు వెనకనుంచి వేలాడే ఏరియల్ తీగ అడ్డమొచ్చింది. చివర రాగి బయటికి తేలి ఉంది. రెండు వేళ్ళతో పట్టి పక్కకు తీసింది. అంతే, బుస ఆగిపోయింది. గాజుపలక మీద, స్టేషను సరిగ్గా దొరికితేనే వెలిగే ఎర్ర చుక్క వెలిగింది. హాలంతా పాట.

“కదలబాక వదినా!” అని అరిచాడు నిసార్, ట్రే అందుకుంటూ.

“అట్నే ఉండు సుధా! ఆ చెయ్యి దించబాక” అన్నాడు వినోద్. అని, పోయి నడిమి కుర్చీలో కూచుని కళ్ళు మూసుకున్నాడు.

సుధారాణి గోడవారన, స్పీకర్ల వీపుల వెనక, తీగ పట్టుకుని నిలబడింది. ఉదయగిరిలోనూ ఇంతే. అక్కడ కొండ అడ్డం, స్టేషన్లు దొరికేవి కావు. ఏ ఎండాకాలం పొద్దుననో ఎక్కడిదో దూరాభారపు పాట గాలివాటుగా వచ్చిపడేది. అది నిలవాలంటే కిటికీ దగ్గర స్టూలు మీద నిలబడి సుధ తీగ పట్టుకోవాలి. “దీని చేతిలో మహత్యముండాది” అనేవాడు నాయన అందరితో. నాయనా తమ్ముడూ ట్యూనరుకు తగిలించిన పాత టేప్‌రికార్డరు ముందు చాపమీద కూచుని వినేవాళ్ళు. పైన నిలబడ్డ తనకు వీధిలో బస్సుల హారన్లు వినపడేవి. అయినా ఆ మాటకు ఎంత పొంగిపోయేదో! పిలవకముందే స్టూలు లాక్కుని ఎక్కేది. ఇప్పుడు అది తలుచుకుంటే ఒళ్ళు మండింది. మంటతో పాటే ఒక అనుమానం కూడా పుట్టింది. పెంచల్ చేతికి ఆ తీగ ఎప్పుడైనా ఇచ్చారా? నాయన ఎప్పుడైనా పట్టుకుని చూశాడా? లేదు. మహత్యం తన చేతిలోనే ఉందని వాళ్ళకెలా తెలుసు?

“ఏవండీ, ఒకసారి ఇట్ట రండి.”

“పాటయిపోనీ.”

“పాటుండంగానే రావాల.”

ఆ గొంతులో ఏముందో గానీ వినోద్ లేచి వచ్చాడు. సుధారాణి తీగ అతని వేళ్ళ మధ్య పెట్టి, తన చెయ్యి తీసేసి, రెండడుగులు వెనక్కి వేసింది. పాట చెక్కుచెదరలేదు. ఎర్ర చుక్క అలాగే వెలుగుతోంది. మహత్యమూ లేదు, మన్నూ లేదు. ఏ చెయ్యైనా చాలు. ఒక్క క్షణం నాయన ఇచ్చిన బిరుదేదో రాలిపోయినట్టు దిగులేసింది. మరుక్షణం ఒళ్ళంతా తేలికైపోయింది.

నడిచి వెళ్ళి నడిమి కుర్చీలో కూచుంది. అంచున కాదు, వెనక్కి జారగిలబడి. గడపలో అత్తగారు నిలబడ్డారు. సుధారాణి చూసింది, లేవలేదు.

నిజమే. ఆ గొంతు కుడి పెట్టెలోనూ లేదు, ఎడమ పెట్టెలోనూ లేదు. గోడ ముందు ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చరణం ఎత్తుకునే ముందు ఆమె ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. వంటింట్లో ఇన్నాళ్ళూ పాటకు ఊపిరి ఉందనే తెలియలేదు సుధారాణికి. ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. పాట అయిపోయి ఇంకొకటి మొదలైంది. అదేమిటో ముందుగా తెలియకపోవడమే బాగుంది.

టీ చప్పరిస్తున్న నిసార్ నవ్వు దాచుకోలేక తల తిప్పుకున్నాడు. గోడవార వినోద్ ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదకు మారాడు. చెయ్యి లాగుతున్నట్టుంది.

“ఎంతసేపే ఇట్ట నిలబడేది?” అన్నాడు చివరికి.

సుధారాణి మూసుకున్న కళ్ళు తెరవలేదు.

“ఆ మాట నేనెప్పుడూ అడగలేదండీ. నాకెట్ట తెలుస్తాది?”