మంచినీళ్లు అందని ఐదు గుడ్లు

వెంకటేశ్వరి కువైట్ వచ్చి ఆరేళ్లయింది. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే రెండు భవనాల సందులోంచి చీర అంచంత సముద్రం రోజూ కనిపిస్తుంది. అంతే. పది నిమిషాల నడక దూరంలో ఉన్న ఆ నీళ్లలో ఆమె ఒక్కసారీ కాలు పెట్టలేదు. ఇంటిపని మనిషిని సముద్రం చూసి రమ్మని పంపేవాళ్లెవరు? అయినా రాయచోటి పక్క పల్లెలో పుట్టిన మనిషికి సముద్రమంటే మొదట్నుంచీ చిన్నచూపే. తాగడానికి పనికిరాని నీళ్లు ఎన్నుంటే ఎవరికి గొప్ప అంటుంది. బోరు వేస్తే ఉప్పునీళ్లు పడి, ఒక్క బిందె మంచినీళ్ల కోసం ఎండలో నడిచినవాళ్లకు అలా అనే హక్కు ఉంది లెండి.

ఇంటాయనను బాబా అనీ, ఇంటావిడను మామా అనీ పిలుస్తుంది. బాబాకు ఒక పడవ ఉంది, దాన్ని మించిన చేపల పిచ్చి ఉంది. ఇనుప తీగతో అల్లిన పెద్ద బోను ఒకటి సముద్రం అడుగున దించి చేపలు పడతాడు. బోర్లించిన కోళ్లగంపలా ఉంటుంది, గర్గూర్ అంటారు. మార్చిలో ఒక పొద్దున దాన్ని తెచ్చి పెరట్లో పడేసి, "యల్లా, బాగా తోము" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇంకా నీళ్లు కారుతున్న ఆ బోనును వెంకటేశ్వరి ఇనుప బ్రష్షుతో రుద్దబోయింది. లోపలి తీగలకు తెల్లటి గుత్తులు అంటుకుని ఉన్నాయి. తొక్క తీసిన ద్రాక్షపళ్లలా మెత్తగా ఉన్నాయి. ఒకటి కదిలినట్టనిపించి, వంగి ఎండ వెలుగులో చూసింది. లోపల పెసరగింజంత ప్రాణి ఒకటి ఉంది. దానికి రెండు నల్లటి కళ్లున్నాయి. అవి ఆమెనే చూస్తున్నాయి.

"దొరబాబన్నా! ఇట్ల రాన్నా! దీంట్లో ఏందో ఉండాది, నన్నే చూస్తాండాది!"

కారు కడుగుతున్న డ్రైవర్ దొరబాబు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతనిది కోనసీమ, అంతర్వేది దగ్గర. చేపల మధ్యే పెరిగినవాడు.

"అయ్యబాబోయ్, ఇయ్యి కటిల్ చేప గుడ్లండి చెల్లెమ్మా! పేరుకే చేపండి. ఆక్టోపస్ లేదూ, దానికి వరసకి తమ్ముడవుతాదండి. రెప్పపాటులో ఒంటిరంగు మార్చేత్తాదండి, దీని ముందు ఊసరవెల్లి ఎందుకూ కొరగాదు. మూడు గుండెలండి దీనికి! రగతం కూడా నీలంగా ఉంటాదండి."

"మూడు గుండెలా? ఒగ దాంతోనే ఈడ సావలేక బతుకుతాంటే, మూడెట్ల మోస్తాదన్నా?"

"ఏమోనండి మరి. గుడ్లెట్టేసి తల్లి చచ్చిపోద్దండి. ఆనక వీటి బతుకు వీటిదే."

ఆ మాట విన్నాక వెంకటేశ్వరికి బ్రష్షు పట్టిన చెయ్యి ఆడలేదు. గుడ్లన్నిటినీ మెల్లగా ఊడదీసింది. బాబా పడవ సామాన్లలో ఒక క్యాన్ సముద్రపు నీళ్లు ఉంటే బక్కెట్టులో పోసి వాటిని వేసింది. విడిగా ఊడొచ్చిన ఐదింటిని అవే నీళ్లు కొన్ని పోసి ఖాళీ ఊరగాయ సీసాలో ఉంచింది. రెండిటినీ బట్టలుతికే గదిలో మిషను వెనక దాచింది. ముప్పై ఏడు గుడ్లు. లెక్కపెట్టుకుని మరీ పడుకుంది.

మర్నాటికి నీళ్లు మసకబారి నీచువాసన వేస్తున్నాయి. ఆమె మనసు ఉసూరుమంది. తల్లిలేని పిల్లలు, పైగా ఈ ఉప్పుకషాయంలోనా? బక్కెట్టు వంపేసి, తన గదిలో దాచుకున్న నీళ్ల సీసాలన్నీ తెచ్చి, చల్లటి మంచినీళ్లు నిండా పోసింది. ఊరగాయ సీసాలోని ఐదింటికీ నీళ్లు చాలలేదు. మీకు రేపు పోస్తానులే అని వాటికి సర్దిచెప్పింది కూడా.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. సాయంత్రానికి బక్కెట్టులోని గుడ్లన్నీ పాలు విరిగినట్టు తెల్లబడ్డాయి. ఒక్క కన్నూ కదలడం లేదు. దొరబాబు చెయ్యి పెట్టి, వేలు నాలుకకు రాసుకుని చూశాడు.

"ఎంత పని చేశారండి చెల్లెమ్మా! సముద్రంలో పుట్టినయ్యి చప్పటి నీళ్లలో బతకవండి."

"మంచినీళ్లే కదన్నా నేను పోసింది!" అంది వెంకటేశ్వరి. అనేసి భోరున ఏడ్చింది.

సీసాలోని ఐదు మాత్రం నిక్షేపంగా కళ్లు తిప్పుతున్నాయి. ఆమె దయ అందనివే బతికాయి. ఆ సంగతి ఆమెను ముల్లులా పొడిచింది. తన చేత్తో ముప్పై రెండు ప్రాణాలు పోయాయి. ఈ ఐదింటిలో ఒక్కటైనా పుట్టి సముద్రం చేరాలి, లేకపోతే ఆ చేత్తో తను అన్నం తినలేదు. వీరభద్రస్వామికి టెంకాయ మొక్కుకుంది.

అప్పటినుంచి దొరబాబు సముద్రం ఒడ్డునున్న మహబూలాలోని తన గది నుంచి వచ్చేటప్పుడు రోజూ ఒక క్యాన్ సముద్రం మోసుకొచ్చేవాడు. వెంకటేశ్వరి పని మధ్యలో మిషను వెనక్కి దూరేది. లోపలివి రోజురోజుకీ పెరుగుతున్నాయి. నోటి చుట్టూ దారప్పోగుల్లాంటి చేతులు వచ్చాయి. ఒంటి మీద గోధుమరంగు చుక్కలు పుట్టి, అవి విప్పారుతూ ముడుచుకుంటూ ఉన్నాయి. ఇంకా పుట్టనే లేదు, రంగులు సాధన చేస్తున్నాయి! ఆ విడ్డూరం చూస్తూ రెండుసార్లు అన్నం మాడబెట్టింది. తిట్లు కూడా తియ్యగానే తిన్నది.

పద్దెనిమిదో రోజు గురువారం. మధ్యాహ్నం చుట్టాలు వస్తారని మామా ఇల్లంతా తనిఖీ చేస్తూ ఉతికే గదిలోకి వచ్చి ముక్కు మూసుకుంది. మిషను వెనక సీసా బయటపడింది.

"షినూ హాదా? ఏమిటిది? ఖలాస్, తీసుకెళ్లి పారబొయ్యి!"

ఆరేళ్లలో మామా మాటకు వెంకటేశ్వరి ఎదురు చెప్పి ఎరగదు. ఇప్పుడు సీసాను గుండెకు హత్తుకుని, "లా, మామా," అంది. వద్దు అని. పనిమనుషులను తిరుగు విమానం ఎక్కించే మాట అది. ఏదైతే అదైందని సీసాను కిటికీ వెలుగులో పైకెత్తింది.

"మామా, శూఫీ. చూడు. బేబీ."

మామా కాళ్లదాకా జారే నల్లటి అబాయాతో దగ్గరికి వంగింది. ఒక గుడ్డులోని ప్రాణి చటుక్కున నల్లబడింది. ఉలిక్కిపడి మామా వెనక్కి జరిగింది. అది తెల్లబడింది. మామా మళ్లీ వంగింది. మళ్లీ నల్లబడింది. అంత పెద్దావిడ చిన్నపిల్లలా ఐదారుసార్లు ముందుకీ వెనక్కీ ఊగింది.

"సుబ్హానల్లాహ్! దానికి నేను కనిపిస్తున్నాను!"

అప్పుడే పొర చిట్లింది. తోక వైపు నుంచి మెలికలు తిరుగుతూ, వేలిగోరులో సగం కూడా లేని కటిల్ పిల్ల బయటికి జారింది. జారుతూనే మామా వైపు బుస్సున ఇంత సిరా చిమ్మింది. పుట్టి నిమిషం కాలేదు, పౌరుషం చూడండి! మామా విరగబడి నవ్వింది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం వెంకటేశ్వరి మొదటిసారి చూసింది.

రెండు గంటల్లో మరో రెండు పుట్టాయి. మిగతా రెండు గుడ్లు ఎంత చూసినా కదల్లేదు. వెంకటేశ్వరి వాటిని వేలితో నిమిరింది. చుట్టాలు కాసేపు ఆగుతారులే అని మామాయే దొరబాబును కారు తీయమని, తనూ ఎక్కింది.

మహబూలా ఒడ్డున వెంకటేశ్వరి చెప్పులు విప్పి, సీసా పట్టుకుని నీళ్లలోకి దిగింది. ఆరేళ్లకు తొలిసారి. కాళ్ల కింద ఇసుక జారుతుంటే ఒళ్లు ఝల్లుమంది. మోకాళ్ల లోతులో వంగి సీసాను మెల్లగా పక్కకు వంచింది. మూడు పిల్లలూ వరసగా బయటికి వచ్చి, ఇసుక మీదికి చేరాయో లేదో, కళ్లముందే మాయమయ్యాయి. ఎటూ పోలేదు. ఇసుక అయిపోయాయి.

ఆమె దోసిట్లోకి నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది. ఉప్పు విషం. "ఇయ్యే నాయనా మీకు మంచినీళ్లు," అంది ఇసుకతో. "నాకు తెలియకపాయ."

"వెంకా! యల్లా, పోదాం!" మామా అబాయా ఎత్తిపట్టుకుని అప్పటికే నీళ్లలోకి నడిచి వస్తోంది.

"మామా, ఆగు! కదలద్దు! బేబీ!"

"వేన్? ఎక్కడ?"

వెంకటేశ్వరి తన చుట్టూ ఉన్న ఇసుకంతా చెయ్యి తిప్పి చూపించింది. మామా ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక కొంగలా ఆగిపోయింది. వెంకటేశ్వరి చెయ్యి చాచి ఆమెను పట్టుకుంది. ఏ ఇసుక ప్రాణమో, ఏ ఇసుక ఇసుకో ఇద్దరికీ తెలియదు. ఒడ్డున దొరబాబు హారన్ కొడుతూనే ఉన్నాడు. వాళ్లిద్దరూ మాత్రం ఊపిరి బిగబట్టి, అడుగు తీయకుండా నీళ్లలోకి చూస్తూ నిలబడ్డారు.