అత్తగారి కడుపులో నూనె

మా బావ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక కాళ్ళూ చేతులూ ఊరుకోక ఒక విమానం తెచ్చుకున్నాడు. విమానం అంటే మీరేదో ఊహించుకునేరు. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, వాటికి గుడ్డ తొడుగు, ముక్కు దగ్గర పువ్వురేకుల్లా చుట్టూ ఏడు సిలిండర్లు పేర్చిన ఇంజను. మేం పుట్టకముందు కుర్రాళ్ళకి ఎగరడం నేర్పిన బండి అది. ఒక పాత గోడౌనులో రెక్కలు విరిగి పడి ఉంటే, తుక్కువాడు సుత్తి ఎత్తేలోపు మా బావ అడ్డంపడి లారీ మీదికెక్కించాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టి దానికి ‘అత్తగారు’ అని పేరు కూడా పెట్టాడు. తను చీపురుపుల్ల కదపదు గానీ ఇంటిల్లిపాదీ తన చుట్టూ తిరగాలి కదా, అందుకని.

"మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఒక్క గ్లాసు మంచినీళ్ళందించిన పాపాన పోలేదు. ఈ అత్తగారికి మాత్రం రోజూ ఒళ్ళు తుడుస్తాడు" అని మా అక్క కనిపించినవాళ్ళందరికీ చెప్పేది.

నేను లారీ ఇంజన్లు విప్పి బిగించి పొట్ట పోసుకునేవాణ్ణి. నడిచే బండ్లని బాగుచేస్తేనే జనం సరిగ్గా మొహం చూసి మాట్లాడరు. అలాంటిది నడవని బండిని పట్టుకుని మురిసిపోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. ఆదివారం కాసేపు నడుం వాలుద్దామనుకునేసరికి "ఓసారి వచ్చి చూడవోయ్" అని బావ ఫోను. తిట్టుకుంటూనే వెళ్ళేవాణ్ణి. ఎందుకు వెళ్ళేవాణ్ణో నన్నడక్కండి.

అక్కడ మరో ఇద్దరు పిచ్చివాళ్ళు నాకంటే ముందే ఉండేవాళ్ళు. ఒకాయన పళ్ళ డాక్టరు. నోట్లోకి చూసే బుల్లి అద్దంతో సిలిండర్లలోకి చూసి, పళ్ళు రుద్దే మిషనుతో వాటి మూతులు రుద్దేవాడు. ఇంకొకావిడ టైలరమ్మ. రెక్కల గుడ్డంతా ఆవిడ చేతికుట్టే. ముడి ఎక్కడ పడాలో, కుట్టుకీ కుట్టుకీ ఎంత దూరం ఉండాలో పాత బొమ్మల్లో చూసి, ఒక్క కుట్టు వంకరపోయినా మూరెడు విప్పేసేది.

వాళ్ళు చేసే పని తక్కువ, వాదన ఎక్కువ.

"ఇంజను మూతి మీద సొట్ట తీసెయ్యకండి బాబూ. అదీ చరిత్రే" అనేవాడు డాక్టరు.

"మీ దగ్గరికొచ్చే పుచ్చుపళ్ళు కూడా చరిత్రేనా డాక్టరుగారూ? మరి వాటినెందుకు పీకుతారు?" అనేవాడు బావ.

"పీకేవి వేరు, దాచేవి వేరు."

"నడవకపోతే ఏది దాచినా ఒకటే" అని నేనంటే, అందరూ కలిసి నా మీద పడేవాళ్ళు. అప్పుడు మాత్రం వాళ్ళ మధ్య భలే ఐకమత్యం.

ఇలా సాగుతుండగా మ్యూజియం నుంచి కబురొచ్చింది. గోడౌనుతో పాటు ఆ విమానం కూడా వాళ్ళ సొత్తేనట, తుక్కువాడికి అమ్మడమే పొరపాటట. ఇన్నాళ్ళూ అది బతికుందో చచ్చిందో చూడని పెద్దమనుషులకి, దానికి ఒళ్ళొచ్చాక ప్రేమ పొంగింది. తీసుకెళ్ళి ఇంజను లోపలిదంతా పీకేసి, డొల్ల చేసి, పెద్ద హాల్లో పైకప్పుకి తీగలతో వేలాడదీస్తారట. మా బావ వాళ్ళ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఒక మాట సంపాదించాడు. ఇంజను గనక ప్రాణంతో ఉంటే, వాళ్ళ మనిషి కళ్ళముందు తిరిగితే, విమానం మా షెడ్డులోనే ఉంటుంది. తిరగకపోతే అదే రోజు లారీ ఎక్కుతుంది.

చెప్పిన రోజు పొద్దున్నే మ్యూజియం మేడమ్ వచ్చింది, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాలో. ఆవిడ వెనకే ఖాళీ లారీ కూడా వచ్చింది. నమ్మకం అంటే అలా ఉండాలి! మా బావ రాత్రంతా నిద్రపోలేదని అతని కళ్ళే చెబుతున్నాయి. విమానాన్ని షెడ్డు బయటికి తోశాం. చక్రాలకి అడ్డంగా దుంగలు పెట్టాం, తోకని షెడ్డు స్తంభానికి కట్టాం.

"ముందు చేత్తో ఓసారి తిప్పవోయ్" అన్నాడు బావ.

ఇంజను ముందున్న పంకా పట్టుకుని లాగాను. అది సగం చుట్టు తిరిగి టక్కున ఆగింది. మళ్ళీ లాగాను. రాయిలా ఉంది.

లారీ డ్రైవరు ఆవలించాడు. ఆ ఆవలింతకి నాకు తిక్క రేగింది. "గడ్డపార తెండి, ఎందుకు తిరగదో చూస్తాను" అన్నాను.

"ఆగవయ్యా బాబూ!" అని డాక్టరు నా చెయ్యి పట్టుకున్నాడు. "పన్ను మీద చెయ్యి వేసేముందు నోరు తెరిపించి చూడాలి." అడుగునున్న సిలిండరు ప్లగ్గు కాస్త వదులు చేసి, అద్దం అడ్డంపెట్టాడో లేదో, సన్నటి ధార సర్రున వచ్చి కళ్ళజోడు మీద పడింది. "నూనె! మూతిదాకా నూనె! నువ్వు గడ్డపార వేసుంటే నూనె నలగదు, లోపల రాడ్డే వంగేది."

అది నాకు తెలియక కాదు. ఆవలింతలు చూస్తే నాకు తెలిసినవన్నీ మర్చిపోతాను.

"అంత నూనె ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది మేడమ్.

బావ నీళ్ళు నమిలాడు. ఊరికే ఉన్న ఇంజనుకి తుప్పు పట్టకుండా పై ప్లగ్గులు తీసి నెలకో కప్పు నూనె పోస్తారు. ఆ పని బావది. "నేను కప్పే పోశాను మేడమ్. మహా అయితే... కప్పున్నర. ఒక్కోసారి రెండు."

డాక్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆయన మర్చిపోతారేమోనని నేనూ అప్పుడప్పుడు..." అన్నాడు.

"అయ్యో, మీరు మగాళ్ళు ఎటూ మర్చిపోతారని నేను ప్రతి ఆదివారం పోశానండీ" అంది టైలరమ్మ. "కుట్టుమిషను నూనె. పల్చగా ఉంటుంది, వాసన కూడా రాదు."

వంటింటి గుమ్మంలోంచి మా అక్క గొంతు వినిపించింది. "నేను రోజూ సాయంత్రం గరిటెడు పోస్తూనే ఉన్నాను. అది తుప్పు పడితే ఈయన మంచం పడతాడు. ఎవరు చేస్తారు ఆ చాకిరీ?"

బావ నోరు తెరిచి అక్కవైపు చూశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. తర్వాత అందరూ నావైపు తిరిగారు.

"నావైపు చూడకండి" అన్నాను. చూశారు. "ఒక్క సీసా. అది కూడా చిన్నది."

టైలరమ్మ కిసుక్కున నవ్వింది. దాంతో కట్ట తెగింది. డాక్టరు పొట్ట పట్టుకుని చక్రం పక్కన కూలబడ్డాడు. అడుగు ప్లగ్గులు పూర్తిగా తీయగానే నూనె ధారలు కట్టింది. "బకెట్టు! బకెట్టు!" అని నేను, "గిన్నెలు తేవే!" అని బావ. అక్క బకెట్టు తెచ్చింది, నిండింది. గిన్నెలు తెచ్చింది, నిండాయి. ఆఖరికి బట్టలు నానబెట్టే టబ్బు ఈడ్చుకొచ్చింది. ఆ హడావుడిలో టైలరమ్మ నూనెలో కాలు జారి, పడిపోకుండా ఏదో ఒకటి పట్టుకుందామని మేడమ్‌నే పట్టుకుంది. ఇద్దరూ కలిసి మడుగులో చతికిలబడ్డారు.

తెల్ల చొక్కా అయిపోయింది. మా పనీ అయిపోయిందనుకున్నాను. మేడమ్ తన రెండు అరచేతులూ చూసుకుంది.

"లోపల ఇంకా ఎంతుంది?" అంది నెమ్మదిగా.

"ఇప్పటిదాకా ఇద్దరి ప్రేమే వచ్చింది మేడమ్" అన్నాడు డాక్టరు. "ఇంకా ముగ్గురిది రావాలి."

ఆవిడ పెదవులు బిగబట్టింది, కాసేపు ఆపుకుంది, ఇక ఆగలేక పకపకా నవ్వేసింది. లేపడానికి వెళ్ళిన మా అక్క కూడా జారి ఆవిడ పక్కనే కూర్చుంది. అప్పుడు నవ్వారు చూడండి, ఆ ముగ్గురు ఆడవాళ్ళు! వీధిలో వాళ్ళు గోడలెక్కారు.

నూనె చుక్కలుగా మారాక పంకా పట్టుకుని మెల్లగా తిప్పాను. చుట్టు తర్వాత చుట్టు, అడ్డులేకుండా వచ్చింది. ప్లగ్గులు తుడిచి బిగించాం. బావ వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

"తయారా?" అన్నాను.

"తయారే!"

లాగి పక్కకి దూకాను. ఒక దగ్గు, అంతే. రెండోసారి రెండు దగ్గులు, ముక్కులోంచి ఒక చిన్న పొగ సున్నా. లారీ డ్రైవరు సామాను కట్టే తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. వాణ్ణి చూస్తూ పళ్ళు కొరికి మూడోసారి లాగాను. ఒక సిలిండరు పేలింది. కాసేపు అదొక్కటే, ఒంటరిగా, డుబ్బు, డుబ్బు. పక్కది లేచింది. ఇంకోటి లేచింది. ఉన్నట్టుండి ఏడూ ఒకే గొంతు చేసుకుని గర్జించాయి. షెడ్డు రేకులు దడదడలాడాయి, నా ఛాతీలో ఎముకలు కూడా.

ఇక పొగ! మేమంతా పోసిన నూనె, పైపుల్లో దాక్కున్నదంతా కాలి, తెల్లగా, మబ్బులా కమ్మేసింది. షెడ్డు కనపడలేదు. ఇల్లు కనపడలేదు. పక్కింటివాళ్ళు ఆరేసిన దుప్పట్లు మాయమైపోయాయి. లారీ ఉందో పోయిందో దేవుడికెరుక. ఆ మబ్బులో ఎవరో నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పుతున్నారు, చూస్తే పళ్ళ డాక్టరు. నేనూ తిరుగుతున్నాను. నేను! పెళ్ళిలో కూడా కాలు కదపని మనిషిని.

పొగ పల్చబడ్డాక చూస్తే మేడమ్ కనిపించలేదు. విమానం ముందు సీట్లోంచి ఆవిడ తల పైకి లేచింది, జుట్టంతా ఎగురుతూ. ఎప్పుడెక్కిందో, ఎవరెక్కించారో తెలీదు. వెనక బావ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆ నూనె మొహంలో పోల్చుకోలేకపోయాను.

ఇంజను ఆపాక చెవులు గింగురుమంటున్నాయి. అందరం గొంతు చించుకుని మాట్లాడుతున్నాం.

"నడుస్తోంది!" అని అరిచింది మేడమ్ దిగుతూ. "నడిచేదాన్ని వేలాడదీయం! ఇక్కడే ఉంటుంది! లారీ వెనక్కి పోవచ్చు!"

"ఏంటీ?" అన్నాడు లారీ డ్రైవరు.

"పొమ్మంటోంది నాయనా, పో!" అని అక్క అరిచింది.

"కానీ నూనె పొయ్యడం కాదు, అప్పుడప్పుడు నడపాలి!" అంది మేడమ్. "లేకపోతే మళ్ళీ ఇదే కథ!"

అంతే, మొదలైంది.

"నెలకోసారి" అన్నాడు డాక్టరు. "ముసలి శరీరం."

"పదిహేను రోజులకోసారి" అన్నాడు బావ.

"వచ్చే ఆదివారం!" అని ఎవరో గావుకేక పెట్టారు. అందరూ నన్నే చూస్తుంటే, అది నా గొంతేనని తెలిసింది.

మా అక్క మొహం మీది నూనె మోచేత్తో తుడుచుకుంది. "ఆదివారం దాకా ఎందుకురా? రేపు మాత్రం మీకేం పనుంది?" అంది.