ఇరవయ్యో రోజు గింజలు

“ఒక్కరోజు నువ్వు వెళ్లకపోతే ఆ గింజలేమైనా లేచి పారిపోతాయా?” అన్నారు మా ఆయన, ఉల్లిపాయల బుట్ట నా ముందుకు తోస్తూ. ఆదివారం. ఆయన ఆఫీసు వాళ్లు ఎనిమిదిమంది భోజనానికి వస్తున్నారు. “మొగుడి పరువుకన్నా పొద్దుతిరుగుడు పువ్వు ఎక్కువా తల్లీ?” అని అత్తగారు అందుకున్నారు.

పారిపోవు. ముదురుతాయి. పువ్వు విచ్చిన రోజున కాడకి తేదీ చీటీ కట్టి, అక్కణ్ణుంచి అయిదు రోజులకోసారి గింజలు కోసి, నూనె తీసి, అందులో ఏ కొవ్వు ఎంతుందో చూడటం నా ఉద్యోగం. లేత గింజలో నూనె నామమాత్రం. ముదిరేకొద్దీ పెరుగుతుంది, పెరుగుతూ తీరు మార్చుకుంటుంది. ఒలీక్ ఆమ్లం అనే కొవ్వు కొన్నాళ్లు ఎక్కి, తర్వాత దిగుతుంది. దాని బదులు లినోలిక్ ఆమ్లం అనే ఇంకో కొవ్వు పైకొస్తుంది. మా మడిలో ఆ మలుపు ఏ రోజున వస్తుందో పట్టుకోవాలని రెండేళ్లుగా నా తాపత్రయం. ఆ ఆదివారం సరిగ్గా ఇరవయ్యో రోజు. వెళ్లి తీరాలని గట్టిగా చెప్పాల్సింది. కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాను. ఉల్లిపాయలు తరుగుతూ ఏడిస్తే ఎవరూ ఎందుకని అడగరు.

ఇరవై అయిదో రోజు గింజల్లో ఒలీక్ అప్పటికే దిగుతోంది. నా లెక్కల పుస్తకంలో ఇరవయ్యో రోజు గడి ఖాళీగా ఉండటం చూసి మా ల్యాబు పెద్దసారు నవ్వారు.

“పదిహేనుదీ ఇరవై అయిదుదీ కూడి సగం వేసెయ్యమ్మా. ఎవడడుగుతాడు? ఇంట్లో కూరలో ఉప్పు తగ్గితే సర్దట్లేదూ?”

“మలుపు అక్కడే ఉంటే ఆ సగం లెక్క దాన్ని మింగేస్తుంది సార్.”

“పోనీ, వానొచ్చిందని రాయి. ఊరికే ఖాళీగా వదిలితే మాత్రం పైవాళ్లు నీ ఉద్యోగం పొడిగింపు ఆపేస్తారు. తర్వాత నన్ననకు.”

నిజమే, సర్దడంలో నాకు పెళ్లయినప్పట్నుంచీ పదకొండేళ్ల అనుభవం ఉంది. తల పగిలిపోతున్నా బాగానే ఉన్నానని, ఇష్టం లేకపోయినా ఇష్టమేనని, ఎవరూ అడగని చోట కూడా ముందే సర్దేసి నవ్వుతాను. అబద్ధం రాయని చోటు నాకు ఆ పుస్తకం ఒక్కటే మిగిలింది. ఒళ్లు మండిపోయింది. సారు మీదకన్నా, మా ఆయన మీదకన్నా, ఆ పూట కత్తిపీట ముందు కూర్చున్న నా మీద. ఉద్యోగం పోతే ఇంట్లో ఏమంటారో తెలుసు. అయినా కలం తీసి ఆ గడిలో రాశాను:

‘గింజలు కోయలేదు. వాన కారణం కాదు. ఆ రోజు నా భర్త అతిథులకి వంట చేశాను.’