ఆరు నిమిషాలు

తడి కాగితంలా పల్చగా ఉన్న పొరను పళ్లెం మీద పరిచి, అంచుల్లో మిగిలిన కొవ్వును గడియారమ్మ తడిగుడ్డతో తుడుస్తోంది. అరచేయంత ముక్క. కాసేపటి క్రితం వరకూ అది ఒక దర్జీ ఆవిడ గుండె చుట్టూ సంచిలా ఉండేది. పెద్ద డాక్టరు దాన్ని మూడు రేకులుగా కత్తిరించి, పాడైన కవాటం స్థానంలో కుడతారు.

నిన్న వార్డులో ఆ దర్జీ ఆవిడ నవ్వింది. "నా గుడ్డతో నాకే కుడతారన్నమాట! కొలత సరిగ్గా చూడు వదినా. బిగుతైతే విప్పి కుట్టుకుందామన్నా నా చెయ్యి అక్కడికి అందదు."

పొరను మందులో ముంచింది. పది నిమిషాలు. మెత్తని పొర బిగుసుకుని, సాగని గుడ్డలా అవుతుంది. తర్వాత ఆ మందు పోయేలా గిన్నెలో మూడుసార్లు సెలైన్ మార్చి కడగాలి, ఒక్కోసారి ఆరు నిమిషాలు. ఇరవై రెండేళ్లుగా ఆపరేషన్ థియేటరు సిస్టరుగా ఆమె పని ఇదే; అందరూ గడియారమ్మ అని పిలిచేదీ అందుకే. చేతులు కడుక్కునేముందు తన గడియారం తీసి కుళాయి పక్కన మేకుకు తగిలిస్తుంది. లోపల గోడ గడియారం చూస్తుంది. ఎన్నోసారి కడుగుతోందో మనసులోనే లెక్క. రాసుకునే అవసరం ఎప్పుడూ రాలేదు.

పోయిన నెల పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది. భర్త మొత్తం తినేసి, "సముద్రం దగ్గర్లోనే ఉన్నట్టుందే," అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అదే వారం రోజూ దిగే బస్సు స్టాపు దాటిపోయి, ఎక్కడున్నానో తెలియక నిలబడిపోయిన సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

"అయిందా అమ్మా?" డాక్టరు అడిగారు.

గిన్నెలో పొర తెల్లగా తేలుతోంది. ఇది రెండోసారా, మూడోసారా? సెలైన్ పోసిన చిన్న సిస్టరు దారాల కోసం బయటికెళ్లింది. 'అయింది' అంటే ఎవరూ మారు ప్రశ్న వేయరు. ఆమె మాటను గోడ గడియారం కన్నా ఎక్కువ నమ్ముతారు.

దర్జీ ఆవిడ నవ్వు గుర్తొచ్చింది.

"లెక్క తప్పాను సార్. ఇంకోసారి కడుగుతాను."

గదిలో అందరూ తలలెత్తారు. డాక్టరు చేతులు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డారు.

"కడగండి. ఆవిడ గుండెను ఇంకా ఆపలేదు, కొట్టుకుంటూనే ఉంది, తొందరేం లేదు. మీరు లెక్క తప్పడం ఇదే మొదటిసారి వింటున్నాను."

"ఇదే చివరిసారి కూడా సార్," అంది ఆమె మెల్లగా.

తిరిగొచ్చిన చిన్న సిస్టరు కొత్త సెలైన్ పోసి, పక్కనే నిలబడి నిమిషాలు పైకి లెక్కపెట్టింది. గడియారమ్మ వద్దనలేదు.

సాయంత్రం గుండె స్కాన్ తెర మీద మూడు రేకులూ తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మళ్లీ తెరుచుకున్నాయి. "సరిగ్గా సరిపోయిందమ్మా," అన్నారు డాక్టరు. కొలత సంగతి రేపు తానే వెళ్లి దర్జీ ఆవిడకు చెప్పాలనుకుంది, మరిచిపోకుండా.

ముందు హెడ్ సిస్టరు గదికి వెళ్లి, ఇకమీదట తనను థియేటరులో వేయొద్దని చెప్పింది. చీర మార్చుకుని మెట్లు దిగుతుంటే చిన్న సిస్టరు పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, గడియారం మరిచిపోయారు!"

"మరిచిపోలేదే పిచ్చిదానా. గుర్తుండే వదిలాను. రేపట్నుంచి నువ్వు పెట్టుకో."

గేటు దగ్గర భర్త గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "స్టాపు నేను చూస్తాలే, పద," అన్నాడు. ఆయనకు ఎప్పటినుంచి తెలుసో ఆమె అడగలేదు.

కుళాయి పక్కన మేకుకు వేలాడుతూ, తెగిన పట్టీని థియేటరు నల్లదారంతో కుట్టిన ఆ చిన్న గడియారం, అద్దం మీద ఒక నీటి చుక్కతో నడుస్తూనే ఉంది.