ఎండలో పెట్టిన మనిషి

"ఎలాగూ ఎండకని మేడ మీదికి వెళ్తున్నావుగా, ఆ బట్టల బకెట్టు కూడా పట్టుకెళ్లు," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

నాకు రొమ్ము ఆపరేషనై ఏడు నెలలు. కుడిచేత్తో బరువులెత్తొద్దన్న మాట ఈయనకి గుర్తుండదు. రక్తపరీక్షలో డి విటమిన్ తక్కువుందన్న ముక్క మాత్రం చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పారు. "ఎండ మొహం చూస్తేగా! అందుకే వచ్చింది క్యాన్సర్," అని మా ఆడపడుచు తీర్పు. ఎప్పుడు చూడమంటుంది? తెల్లారకముందే వంటింట్లో, తర్వాత ఆఫీసులో కిటికీ లేని రికార్డు గదిలో, చీకటిపడ్డాక మళ్లీ వంటింట్లో. ఇరవై రెండేళ్లు "ఎక్కడికి బయల్దేరావ్?" అని గుమ్మంలోనే ఆపినవాళ్లు, ఇప్పుడు బయటికెందుకు వెళ్లలేదని నిలదీస్తున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. డి విటమిన్ ఉంటే క్యాన్సర్ దరిదాపులకి రాదంటూ ఆవిడే ఏదో వీడియో పంపింది. మర్నాడే నా క్యాన్సర్ మాత్రలు ఈయన బీరువాలోకి వెళ్లిపోయాయి. "వాటివల్లే నీకు కీళ్లనొప్పులు. ఇంట్లో పని కూడా సరిగ్గా చెయ్యలేకపోతున్నావ్. ఎండ చాల్లే," అన్నారు. రెండ్రోజులు వాదించాను. మూడోరోజుకి నోరు నొప్పెట్టి ఊరుకున్నాను. అలా పన్నెండు రోజులు.

బట్టలారేసి వచ్చాక ఆస్పత్రికి వెళ్లాం. "ఎలా ఉన్నారు?" అని డాక్టరమ్మ నన్ను అడిగారు.

"బావుందండీ. రోజూ ఎండలో పెడుతున్నాను," అన్నారు ఈయన, చెమ్మపట్టిన పరుపు గురించి చెప్పినట్టు.

"నొప్పులేమైనా?"

"అబ్బే, ఏం లేవండీ."

ఆపరేషను ఈయనకి జరిగిందా, నాకా?

"మీరు కాసేపు బయట కూర్చోండి," అన్నాను.

"నేనా?"

"మీరే."

తలుపు మూసుకున్నాక మాత్రల సంగతి చెప్పేశాను. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే ఈ మాత్ర ఎముకల్ని కాస్త గుల్ల చేస్తుంది. వాటి బలానికే డి విటమిన్ కూడా రాశాను. అది క్యాన్సర్‌ని ఆపుతుందో లేదో ఇంకా గట్టిగా తేలలేదు. ఎండ మాత్రకి బదులు కాదమ్మా. ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి." కొత్త చీటీ రాసి నా చేతికే ఇచ్చారు. "ఇంకేమైనా చెప్పాలా?"

చాలా ఉంది. నిద్ర పట్టకపోవడం, అద్దం ముందు నిలబడలేకపోవడం, ఏడు నెలలుగా ఎవరూ అడగనివన్నీ చెప్పడం మొదలుపెట్టాను.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. "ఇంకా అవలేదా? నాకు ఆకలేస్తోంది."

డాక్టరమ్మ నావైపు చూశారు.

"ఇప్పుడే మొదలుపెట్టాను," అన్నాను. "తలుపు వేసి వెళ్లండి."